పదిహేనో లెవెల్ దాటిన జట్టుకు పోరాటం కూర్చడం: డీ అండ్ డీ పట్టికలను ఏళ్ల తరబడి వాడాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడిపే కథల ఆట. దాని అయిదో ఎడిషన్‌లో ఒక పోరాటం ఎంత కఠినంగా ఉంటుందో ముందే లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. మొదటి పది లెవెళ్ల దాకా అది చక్కగా పనిచేస్తుంది. పదకొండు దాటాక తడబడుతుంది. పదిహేను దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక అపార్టుమెంటులో ఆదివారం సాయంత్రాలు మా ఆట సాగుతుంది. కాకినాడ, కర్నూలు, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న అయిదుగురు ఆటగాళ్లు, కథనూ శత్రువులనూ నడిపే డంజన్ మాస్టరుగా నేను. ఒకటే కథ, అవే పాత్రలు, ఇప్పుడు పదిహేడో లెవెల్‌లో ఉన్నాము. 2014 నాటి డంజన్ మాస్టర్ గైడులోని పట్టికనూ, 2024లో దాని స్థానంలో వచ్చిన పట్టికనూ ఈ జట్టు మీదే వాడి చూశాను. మధ్యలో కొంతకాలం ఇలాంటిదే మరో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ కూడా ఆడాము. పెద్ద లెవెళ్లకు చేరుతున్న డంజన్ మాస్టర్లు వీటిలో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు పాత పట్టిక. ఒక్కో పాత్రకు లెవెల్‌ను బట్టి నాలుగు హద్దులు ఉంటాయి: సులువు, మధ్యమం, కఠినం, ప్రాణాంతకం. పదిహేనో లెవెల్‌లో అవి 1,400, 2,800, 4,300, 6,400 ఎక్స్‌పీ (ఓడించిన జీవికి దక్కే అనుభవ పాయింట్లు, ఇక్కడ దాని బలానికి కొలత). అయిదుగురికి కలిపి చూస్తే 14,000 దగ్గర మధ్యమం, 21,500 దగ్గర కఠినం, 32,000 దగ్గర ప్రాణాంతకం మొదలవుతాయి. ఎదుటి పక్షంలోని జీవుల ఎక్స్‌పీ అంతా కూడి, వాటి సంఖ్యను బట్టి హెచ్చించాలి. రెండు ఉంటే ఒకటిన్నర రెట్లు, మూడు నుంచి ఆరు దాకా రెండు రెట్లు, పదకొండు నుంచి పద్నాలుగు దాకా మూడు రెట్లు.

ఈ లెక్కలో పన్నెండు మంది ఓగర్లు 16,200కు తేలతారు. అంటే మధ్యమం. ఒక్క అడల్ట్ రెడ్ డ్రాగన్, సీఆర్ (జీవి ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) 17, 18,000 ఎక్స్‌పీ. అదీ మధ్యమమే. నలుగురు ఫైర్ జెయింట్లు ఒక్కొక్కరు 5,000 చొప్పున 20,000, రెండింతలు చేస్తే 40,000. ప్రాణాంతకం హద్దును దాటేసి చాలా దూరం పోయారు. కాగితం మీద సంగతి ఇది. ఆటలో మాత్రం ఓగర్లు ఒక్క హిప్నోటిక్ ప్యాటర్న్ స్పెల్‌కే (మంత్రానికే) సగానికి సగం మంది చూపు నిలిపి నిలబడిపోతారు, మిగిలినవారి దెబ్బలు పాలడిన్ (దైవబలమున్న యోధుడు) కవచాన్ని దాటవు. అది పోరాటమే కాదు. జెయింట్లు మాత్రం ఆ సాయంత్రానికంతటికీ సరిపడే పోరాటం ఇచ్చారు, జట్టులో ఎవరూ చావలేదు. పుస్తకం ఓగర్లనూ డ్రాగన్‌నూ ఒకే గాటన కట్టింది, అన్నిటికన్నా మంచి పోరాటానికి ప్రాణాంతకం అని ముద్ర వేసింది.

డ్రాగన్ సంగతి విడిగా చెప్పాలి. దానికి 256 హిట్ పాయింట్లు (ప్రాణశక్తి). అది నేల మీద, జట్టుకు అందే దూరంలో ఉండగా పోరు మొదలైతే అది రెండో రౌండు (అందరికీ ఒక్కో వంతు) దాటడం కష్టం. ఫైటర్ (ఆయుధం పట్టే యోధుడు) యాక్షన్ సర్జ్ అనే అదనపు అవకాశం వాడితే ఒకే వంతులో ఆరు దెబ్బలు వేస్తాడు. పాలడిన్‌కు పాచిక మీద ఇరవై పడిందంటే స్మైట్ అనే అదనపు దెబ్బ పాచికలన్నీ రెట్టింపవుతాయి. అదే డ్రాగన్ ఆకాశంలో మొదలుపెట్టి, 60 అడుగుల శంకువులో నిప్పులు కక్కితే సగటున 63 హిట్ పాయింట్లు పోతాయి, అందులో సగమైనా తప్పించుకోవడానికి సేవింగ్ త్రో (దెబ్బను తట్టుకోవడానికి వేసే పాచిక) 21కి తగ్గకూడదు. పక్కపక్కన నిలబడితే పాలడిన్ ఆరా అందరి సేవింగ్ త్రోలకూ కలుస్తుంది, కానీ అందరూ ఒకే మంటలో ఉంటారు. దూరం జరిగితే ఆ ఆసరా పోతుంది. ఈ సందిగ్ధమే పెద్ద లెవెల్ పోరాటానికి ప్రాణం. జీవి ఒకటే, దాని విలువ ఒకటే, పోరాటాలు మాత్రం రెండు. పట్టికకు ఆ తేడా కనిపించదు. ఎందుకంటే అది కొలిచేది హిట్ పాయింట్లనూ దెబ్బ బరువునూ. పదిహేనో లెవెల్ జట్టు బలం దెబ్బలో లేదు, ఎదుటివాడి వంతులను లాగేసుకోవడంలో ఉంది.

దీనికి వాల్ ఆఫ్ ఫోర్స్‌ను మించిన ఉదాహరణ లేదు. విజర్డ్‌కు (మంత్రాలు వేసే పాత్ర) తొమ్మిదో లెవెల్‌లోనే దొరికే స్పెల్ ఇది. కంటికి కనిపించని గోడ, దెబ్బలకు పగలదు, సేవింగ్ త్రో ఉండదు. జెయింట్ల పోరులో మా విజర్డ్ తన మొదటి వంతులోనే గుహ మధ్యలో ఈ గోడ నిలిపారు. ఇద్దరు జెయింట్లు అటు, ఇద్దరు ఇటు. ఫైటర్ ఆడే కర్నూలు కుర్రవాడు లేచి నిలబడి, "అక్కా, ఆ ఇద్దరినీ అక్కడే ఉంచండి, వీళ్ల సంగతి మేము చూసుకుంటాం!" అన్నాడు. 40,000 ఎక్స్‌పీ పోరాటం ఒక్క స్పెల్‌తో రెండు ముక్కలైంది. ఇప్పుడు అయిదుగురికి ఎదురు ఇద్దరే. పోరాటం అక్కడితో అయిపోకపోవడానికి కారణం జెయింట్ల బలం కాదు, నేను గీసిన గుహ పటం. గోడకు అవతలి పక్క నుంచి చుట్టూ తిరిగి వచ్చే 120 అడుగుల సొరంగం ఒకటి ఉంది. జెయింట్ నడక 30 అడుగులు, పరుగు తీస్తే 60. రెండు వంతులు గడిస్తే ఇవతల ఉంటాడు. ఆ రెండు వంతులే విజర్డ్ తన తెలివితో గెలుచుకున్న లాభం. అది ఆమెకు పూర్తిగా దక్కింది. మూడో రౌండులో సొరంగం నోటి దగ్గర మంట వెలుగు కనిపించినప్పుడు బల్ల చుట్టూ ఎవరూ కుర్చీలో వెనక్కి ఆనుకుని లేరు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. పెద్ద లెవెళ్లలో తూచవలసింది జీవుల బలాన్ని కాదు, వంతులను. ఎవరికి ఎన్ని వంతులు చేతిలో ఉంటాయి, ఏ స్పెల్‌తో ఎన్ని పోతాయి, పోయినవి తిరిగి రావడానికి ఏ దారి ఉంది అన్నదే లెక్క. ఫోర్స్‌కేజ్ చూడండి. 2014 నియమాల్లో దానికి ఏకాగ్రత (దెబ్బ తగిలితే చెదిరి స్పెల్‌ను ఆపేయగలది) కూడా అక్కరలేదు, గంటసేపు దాదాపు ఎవరినైనా పంజరంలో పెట్టేయవచ్చు. ఒంటరి జీవిని, అది ఎంత పెద్దదైనా, ముగింపు పోరాటానికి నేను పెట్టకపోవడానికి కారణం ఇదే. పెద్ద జీవులకుండే లెజెండరీ రెసిస్టెన్స్ అనే శక్తి మూడు సార్లు కాపాడుతుందంటారు. అది కాపాడేది సేవింగ్ త్రోను మాత్రమే. సేవింగ్ త్రో అడగని స్పెల్ ముందు అది ఉన్నా లేనట్టే.

పాత పట్టిక తప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామూలు పరిస్థితుల్లో ఒక జట్టు రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యమ, కఠిన పోరాటాలు తట్టుకోగలదని ఆ పుస్తకమే చెబుతుంది. అంకెలన్నీ ఆ ఊహ మీదే నిలబడ్డాయి. రోజంతటికీ ఒకే పోరాటం పెడితే అది ఒకటో తారీఖున జీతం చేతికి రాగానే బజారుకు వెళ్లడం లాంటిది, ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోరు. పదిహేనో లెవెల్ విజర్డ్ చేతిలో ఎనిమిదో లెవెల్ స్పెల్ దాకా అన్నీ ఉంటాయి, ఒకే పోరులో అన్నీ కుమ్మరిస్తారు. మాకేమో ఒక సాయంత్రంలో దక్కేది మూడు నాలుగు గంటలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆదివారం రాత్రి ఇంటికి చేరడానికి పట్టే సమయం కూడా చూసుకోవాలి. ఆ గంటల్లో ఈ లెవెల్ పోరాటాలు ఒకటి, మహా అయితే రెండు పూర్తవుతాయి.

అందుకని కథలోని ఒక రోజును మూడు నాలుగు ఆదివారాల పాటు సాగదీశాను. ఆట ముగిసే ముందు ప్రతి ఒక్కరూ మిగిలిన స్పెల్ స్లాట్లు (ఆ రోజుకు ఇంకా వేయగల స్పెల్‌ల లెక్క), హిట్ పాయింట్లు, వాడేసిన శక్తులు ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. మళ్లీ కలిసినప్పుడు అక్కడి నుంచే మొదలు. పెద్ద లెవెల్ ఆటను దారిలో పెట్టిన మార్పుల్లో దీన్ని మించినది నాకు తెలియదు. మొదటి రెండు పోరాటాల్లో పెద్ద స్పెల్ దాచుకోవాలా, వాడాలా అని ఆలోచించడం మొదలైంది. చిన్న పోరాటానికి కూడా విలువ వచ్చింది. ఒకే సమస్య, ఖర్చయినవి తిరిగి తెచ్చే నిద్రను జట్టు ఎక్కడ పడితే అక్కడ పోగలగడం. పదమూడో లెవెల్ నుంచి విజర్డ్ మాగ్నిఫిసెంట్ మాన్షన్‌తో గాలిలో భవనమే కట్టేస్తారు. దాన్ని నిషేధించడం నాకు ఇష్టం లేదు, కష్టపడి సంపాదించుకున్న శక్తి అది. దానికి బదులు కథలో గడువు పెడతాను. తెల్లవారేలోపు ద్వారం మూయకపోతే నగరం పోతుంది అంటే వాళ్లే నిద్ర మానుకుంటారు.

ఇక 2024 పట్టిక. ఇది పాతదానికన్నా స్పష్టంగా మేలు. హెచ్చింపులు తీసేశారు, ఆరు నుంచి ఎనిమిది పోరాటాల మాట కూడా లేదు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే మెట్లు. పదిహేనో లెవెల్ పాత్రకు 3,300, 5,400, 7,800. మా అయిదుగురికి మధ్యస్థం 27,000, ఎక్కువ 39,000. నలుగురు జెయింట్లు 20,000 దగ్గర మధ్యస్థంలో పడతారు, నా అనుభవానికి దగ్గరగా ఉంది. అయితే పాత లోపం ఇక్కడా పోలేదు. ఇరవయ్యో లెవెల్‌లో అయిదుగురికి మధ్యస్థం 66,000. సీఆర్ 24 ఉన్న ఏన్షియంట్ రెడ్ డ్రాగన్ 62,000తో దానిలోనే ఇమిడిపోతుంది. ఒంటరి డ్రాగన్, గుంపు, రెండూ ఒకే తూకంలో తూగుతాయి. ఫోర్స్‌కేజ్‌కు ఏకాగ్రత తప్పనిసరి చేయడం, లిచ్ (చచ్చీ బతికే మాంత్రికుడు) హిట్ పాయింట్లను 135 నుంచి 315కు పెంచడం వంటివి ఈ పట్టికకు చేసిన మేలు పట్టిక తనకు తాను చేసుకోలేదు.

పట్టిక తెరవకుండా లెక్క చూసుకోవడానికి స్లై ఫ్లరిష్ పేరుతో రాసే మైక్ షియా సూచించిన కొలత ఒకటి వాడతాను. అయిదో లెవెల్‌కు చేరిన జట్టుకు, జీవుల సీఆర్‌ల మొత్తం జట్టు లెవెళ్ల మొత్తంలో సగం మించితే అది ప్రాణాంతకం కావచ్చు. పదిహేనో లెవెల్‌లో మా జట్టుకు మొత్తం 75, సగం 37కు కాస్త పైన. నలుగురు జెయింట్లు 36. రెండు పుస్తకాల కన్నా ఈ ఒక్క వాక్యం నా ఆటలో ఎక్కువ నిజమైంది.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ గురించి న్యాయంగా చెప్పాలి. లెక్క విషయంలో అది వీటన్నిటికన్నా నమ్మకమైనది. నలుగురి జట్టుకు 80 ఎక్స్‌పీ మధ్యస్థం, 120 తీవ్రం, 160 అత్యంత తీవ్రం, అయిదో మనిషికి ఆ మేరకు కొంత కలపాలి. జట్టు లెవెల్‌తో సమానమైన జీవి 40, నాలుగు లెవెళ్లు పైనున్నది 160. పదిహేనో లెవెల్‌లో కూడా 160 అంటే నిజంగా 160. లెవెల్ దాదాపు ప్రతి పరీక్ష పాచికకూ కలుస్తుంది, కావలసినదానికన్నా పది ఎక్కువ వస్తే మరింత గట్టి దెబ్బ, అందుకే లెక్క చెదరదు. కానీ జట్టును బాగా మించిన జీవిని ఒక్క దెబ్బకు కట్టిపడేసే రకం స్పెల్ వేస్తే ఇన్‌కెపాసిటేషన్ నియమం ఆ స్పెల్ ఫలితాన్ని ఒక మెట్టు కిందికి దించుతుంది. ఒక్క స్పెల్‌తో పోరాటాన్ని రెండుగా కోసిన ఆనందం అక్కడ దొరకదు. లెక్క కుదరడమే ముఖ్యమైన జట్టుకు అదే సరైన ఆట. మా జట్టు ఆ ఆనందాన్నే కోరుకుంది, తిరిగి వచ్చేశాము.

పోరాటం తేలికైపోతోందని చాలామంది హిట్ పాయింట్లు పెంచుతారు. నియమాల్లో దానికి చోటు ఉంది. ఫైర్ జెయింట్‌కు సగటు 162 అయినా, పాచికలన్నీ నిండుగా పడితే 234 దాకా పోవచ్చు. నాకు మాత్రం ఇది నచ్చదు. పోరు కఠినం కాదు, పొడవవుతుంది. ఈ లెవెల్‌లో ఒక్క రౌండే చాలాసేపు పడుతుంది, దానికి ఇంకో రెండు రౌండ్లు కలిపి సాధించేది అలసట. దెబ్బ బరువు పెంచడం, రెండో దళాన్ని తేవడం మేలు. రెండో దళం వస్తోందని ముందే సూచన ఇవ్వాలి, లోపల్నుంచి డప్పు చప్పుడు, కుక్కల అరుపు, ఏదో ఒకటి. సూచన లేకుండా తెస్తే గెలుపును లాగేసుకున్నట్టే అనిపిస్తుంది, ఆటగాళ్ల కోపంలో న్యాయం ఉంటుంది.

చావు భయం మీద ఆధారపడటం కూడా ఈ లెవెల్‌లో కుదరదు. చచ్చినవారిని లేపడానికి 300 బంగారు నాణేల వజ్రం ఉంటే రివివిఫై స్పెల్, 500 ఉంటే రెయిజ్ డెడ్. మా క్లెరిక్ (పూజారి పాత్ర) సంచిలో వజ్రాలకు కొదవ లేదు. కనుక ఓడిపోతే పోయేది ప్రాణం కాక మరొకటై ఉండాలి: బందీలు, ద్వారం, ఒక ప్రమాణం. బందీలను మోసుకెళ్తున్న ఇద్దరు జెయింట్లు, దారికి అడ్డం నిలిచిన ఇద్దరు జెయింట్లు అంటే అంకెల్లో అదే 20,000, బల్ల మీద రెట్టింపు కష్టం.

పదిహేడులో విష్, మీటియర్ స్వార్మ్ అనే తొమ్మిదో లెవెల్ స్పెల్‌లు వచ్చాయి. ఇప్పుడు పోరాటం కూర్చే ముందు గ్రూపులో విజర్డ్ పెట్టిన కాగితం ఫోటో చూస్తాను, తొమ్మిదో లెవెల్ స్లాట్ ఖర్చయిందా లేదా అని. ఖర్చయితే 2024 పట్టికలోని మధ్యస్థం సరిపోతుంది. మిగిలి ఉంటే ఎక్కువ మెట్టును తీసుకుని, జీవులను కనీసం రెండు చోట్ల విడివిడిగా నిలబెడతాను. పట్టిక కోసమే కొత్త గైడు కొనవలసిన పని లేదు, 2025లో ఉచితంగా విడుదలైన ఎస్ఆర్‌డీ 5.2 అనే నియమాల సంకలనంలో అది ఉంది. పాత గైడు ఉన్నవారు దానిలోని హెచ్చింపుల పేజీని పదో లెవెల్ దాకా వాడుకుని, తర్వాత దీనికి మారడం మంచిది.