స్కూలు గేటు ముందు ఏది మేలు: హోంగార్డా, కెమెరానా, స్పీడ్ బ్రేకరా?

ఏటా జూన్ 12న బడులు తెరవగానే హైదరాబాద్‌లో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒకటే గోల. గేటు ముందు పోలీసుని పెట్టించమని కొందరు, కెమెరా పెట్టి చలానాలు బాదితే దారికొస్తారని కొందరు, స్పీడ్ బ్రేకర్ వేయిస్తే సరిపోతుంది కదా అని ఇంకొందరు. మూడూ కావాలనడం తేలికే. కానీ పోలీసు, చలానా ట్రాఫిక్ స్టేషన్ పని, రోడ్డు బల్దియా, అంటే మున్సిపల్ కార్పొరేషన్, ఇంజినీర్ల పని. అర్జీ పట్టుకుని ముందు ఏ ఆఫీసు మెట్లెక్కాలో తేల్చుకోక తప్పదు.

అసలు దేనికి భయపడుతున్నామో ముందు చూద్దాం. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, నడిపేవాడు పిల్లను చూసి బ్రేక్ మీద కాలు వేసే ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. 30లో అయితే 8 మీటర్లు. గుద్దితే తగిలే శక్తి 30తో పోలిస్తే 50లో దాదాపు రెండు ముప్పావు రెట్లు. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. దీనికి తోడు రెండో తరగతి పిల్ల ఆగి ఉన్న కారు వెనక నిలబడితే తల కూడా కనబడదు. అంటే ఒకటి వేగం, రెండోది గేటు ముందు అడ్డదిడ్డంగా ఆగే బళ్లు. మూడింటినీ ఈ రెండింటి మీదే తూచాలి.

హోంగార్డు సంగతి. మనిషికి ఉన్న తెలివి ఏ యంత్రానికీ లేదు. పది మంది పిల్లలు పోగయ్యాక చెయ్యి అడ్డం పెట్టి ఒకేసారి దాటిస్తాడు, ఆర్టీసీ బస్సును ఆపుతాడు, నడి రోడ్డు మీద కారాపి బ్యాగు సర్దుతున్న నాన్నని కదిలిస్తాడు. ఇంకో లాభం ఎవరూ చెప్పుకోరు. స్కూటీ మీద వచ్చే తొమ్మిది, పదో తరగతి పిల్లల్ని మొహం చూసి పట్టుకోగలిగేది మనిషే. కెమెరాకి నంబర్ ప్లేటు కనిపిస్తుంది కానీ వయసు కనిపించదు. స్కూల్లోకి బండి రానివ్వరని పక్క సందులో కిరాణా కొట్టు ముందు పెట్టి నడిచొచ్చే పిల్లలు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఇంట్లోవాళ్లకి తెలియకుండా ఆ తాళం చెవి వాళ్ల చేతికి రాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం మైనర్ నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మరి హోంగార్డుతో చిక్కేంటి? ఉండడు. గణేశ్ నిమజ్జనం, అసెంబ్లీ, ఎవరో పెద్దాయన కాన్వాయ్, ఏదొచ్చినా ముందు తీసేది స్కూలు దగ్గర మనిషినే. వాన పడితే సిగ్నల్ దగ్గరికి పంపేస్తారు, సరిగ్గా మనకి అవసరమైన పూట. సాయంత్రం ట్యూషన్ వేళకి, ఆదివారం స్పెషల్ క్లాసులకి ఎటూ రాడు. నగరంలో ఇన్ని వేల బడులుంటే గేటుకొకరిని ఇమ్మని అడగడం కూడా అత్యాశే. అయితే మనిషి పోలీసే కానక్కర్లేదు. 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లకి శిక్షణ ఇచ్చి హైదరాబాద్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అలా శిక్షణ పొందినవాళ్లని పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట బడుల దగ్గర వాడుకుంటే బాగుంటుందని నా ఆశ. స్కూలు వాచ్‌మన్ చేతికి ఈల ఇచ్చి చేతులు దులుపుకోవడం మాత్రం అన్యాయం. ఆయన మాట ఏ కారువాడూ వినడు, పైగా ఆయన ప్రాణమే ముప్పులో పడుతుంది.

కెమెరాకి నేను వేసేది తక్కువ మార్కులే. "అన్నా, ఈ ఒక్కసారి ఇడిసిపెట్టు" అంటే వినదు, నిజమే. కానీ చలానా వచ్చేది పని అయిపోయాక. పిల్ల రోడ్డు దాటే ఆ క్షణంలో అది చేసేదేమీ లేదు. భయం వల్ల ముందే తగ్గుతారు అనుకుందామన్నా, ఆ భయాన్ని మనవాళ్లే పోగొట్టారు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద టూ వీలర్లకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గింపు. మళ్లీ 2023 డిసెంబరు చివర్లో టూ వీలర్లకి 80, కార్లకి 60 శాతం. ఆషాఢం సేల్ కోసం ఆగినట్టు చలానా కట్టకుండా ఆగేవాళ్లు తయారయ్యారు. ఆగినవాడే తెలివైనవాడు అయ్యాడు, వచ్చిన రోజే కట్టినవాడు వెర్రివాడు.

కెమెరా ఒక్కచోట పనికొస్తుంది, పార్కింగ్‌కి. 2022 అక్టోబరులో సిటీ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో అడ్డంగా పెట్టిన బళ్ల మీద పడినప్పుడు కొన్నాళ్లు కొన్ని రోడ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అదే పట్టు స్కూలు గేట్ల దగ్గరా చూపిస్తే చలానాలు పడేది బయటివాళ్లకి కాదు, మనకే. గేటు ముందు డబుల్ పార్కింగ్ చేసేది మనం. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చేది మనం. నాలుగేళ్లు దాటిన పిల్లలకి బండి మీద హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్నవాళ్లకి 2023 ఫిబ్రవరి 15 నుంచి సేఫ్టీ బెల్టు, హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఏ గేటు ముందైనా ఐదు నిమిషాలు నిలబడి లెక్కపెట్టుకోండి.

ఇక స్పీడ్ బ్రేకర్. మన వీధుల్లో కనిపించేవాటిని చూసి దాన్ని కొట్టిపారేయకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్లకి తగ్గి వచ్చే బండికి కుదుపు పెద్దగా తెలియకూడదు. మన దగ్గర ఉన్నది మూరెడు వెడల్పున తారు గుట్ట, దాని మీద పెయింట్ ఉండదు. లేదంటే ముక్కలూడిన రబ్బరు పట్టీలు, పైకి లేచిన బోల్టులు. కారువాడికి నడుం నొప్పి, బైకువాడు అంచు సందులోంచి జారుకుంటాడు.

సరైనది ఇంకోటుంది. జీబ్రా క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, పైన చదునుగా వేస్తారు. పిల్ల రోడ్డులోకి దిగక్కర్లేదు, ఫుట్‌పాత్ ఎత్తులోనే అవతలికి నడుస్తుంది. కాస్త ఎత్తులో నడుస్తుంది కాబట్టి దూరం నుంచే కనిపిస్తుంది. వచ్చే బండి తగ్గక తప్పదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, దానికి బందోబస్తు డ్యూటీ పడదు, డిస్కౌంట్ మేళా ఉండదు. నల్లకుంట, హబ్సిగూడ, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు లాంటి చోట్ల లోపలి వీధుల్లో ఉన్న బడులకి నా ఓటు నిస్సందేహంగా దీనికే.

దీనికీ తంటాలున్నాయి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరో, మిర్చి బజ్జీల బండో ఉంటే ఆ క్రాసింగ్ ఎక్కడికీ చేరదు. వాన నీళ్లకి దారి వదలకపోతే ఒక్క గట్టి వానకే గేటు ముందు చెరువు. కొత్తగా తారు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగి ఇది కిందికి మునిగిపోతుంది, గీతలు మాయమైపోతాయి, మళ్లీ వెంటపడాలి.

అబిడ్స్, నారాయణగూడ, బేగంపేట లాంటి మెయిన్ రోడ్ల మీద మాత్రం లెక్క మారుతుంది. ఆర్టీసీ బస్సులు, 108 బళ్లు నిరంతరం తిరిగే దారిలో ఇలా ఎత్తు లేపిన క్రాసింగులు వేయనివ్వరు, వేయకూడదు కూడా. అక్కడ బటన్ నొక్కితే బళ్లు ఆగే పెలికాన్ సిగ్నల్ ఉండాలి, దాన్ని బళ్లవాళ్లు ఖాతరు చేసేలా పక్కన హోంగార్డు ఉండాలి. మనిషి లేని పెలికాన్‌ని మనవాళ్లు ఎలా చూస్తారో తెలిసిందే కదా.

ఇవేవీ రాకముందే స్కూలు తన చేతిలో ఉన్నది చేయొచ్చు. ప్రైమరీని పావుగంట ముందు వదలడం, వెనక సందులోని గేటు తెరవడం, బస్సుల్ని లోపలే ఎక్కించడం. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గొడవ అయ్యాక ఓ ఐదు నిమిషాలు దీని గురించి అడగండి.

కాలనీ స్కూలు తరఫున బల్దియాకి వెళ్తే, అర్జీలో "స్పీడ్ బ్రేకర్" అని మాత్రం రాయకండి. రాశారా, రాత్రికి రాత్రి తారు గుట్ట ఒకటి పోసి, పని పూర్తయిందని ఫైలు మూసేస్తారు. "ఫుట్‌పాత్ ఎత్తులో జీబ్రా క్రాసింగ్, దానికి అటూ ఇటూ 20 మీటర్లు నో పార్కింగ్" అని ఫొటోలతో, కొలతలతో రాయండి. కాపీ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌కీ ఇవ్వండి, ఆ 20 మీటర్లు ఖాళీగా ఉంచాల్సింది ఆయనే.