పాత పికప్, లూజు స్టీరింగ్: ఏళ్ల తరబడి తోలినవాడి సమీక్ష

మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకు టమాటా లోడు తోలే 2009 మోడల్ పికప్ నాది. ముందు వైపు కూడా కమాన్ పట్టీలే, ఒకే యాక్సిల్, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగేది వీటి మీదే), పవర్ స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె). ఇంజన్‌కు వంక పెట్టలేను, టైముకు ఆయిల్ మారిస్తే దాని పని అది చేసుకుపోతుంది. క్లచ్చూ అంతే. ఈ బండితో నాకున్న పేచీ అంతా స్టీరింగుతోనే, అది కూడా బండి తప్పు అనను, మన రోడ్లు, మనం వేసే లోడు అలాంటివి.

స్పీడు 60 దాటితే తిన్నని రోడ్డు మీద కూడా అటొకసారి ఇటొకసారి దిద్దుకుంటూ పోవాల్సి వచ్చేది. తిరుపతి మీదుగా వెళ్లినప్పుడు భాకరాపేట ఘాట్‌లో మరీ టెన్షన్, మలుపులో తిప్పితే కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా బండి తిరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించమన్నారు, చేయించాను, మళ్లీ అదే కథ. స్టీరింగ్ కీళ్లలో ఆట, అంటే అరిగి వచ్చిన లూజు, పెట్టుకుని అలైన్‌మెంట్ చేయిస్తే ఆ లెక్క షెడ్డు గేటు దాటేవరకు కూడా నిలవదు, ఆ డబ్బు దండగ.

ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) పాసైంది కదా, స్టీరింగ్ బాగానే ఉన్నట్టు అనుకునేవాళ్లకు ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం స్టీరింగులో ప్లే, అంటే చక్రం కదలకుండా ఊరికే తిరిగే ఆట, 30 డిగ్రీలు దాటకూడదు. 40 సెంటీమీటర్ల స్టీరింగ్ మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర 10 సెంటీమీటర్ల పైమాటే, అంటే బెత్తెడు దాటి. అంత ఆటతో హైవే మీద లోడు బండి తోలమంటే నా వల్ల కాదు. రెండు వేళ్ల వెడల్పు దాటిందంటే కిందికి దూరి చూడాల్సిందే.

కొలవడం సులువు. స్టీరింగ్ అంచుకు టేపు ముక్క అంటించి, పక్కన స్కేలు పట్టుకుని, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ముందు టైరు కదలడం మొదలయ్యేదాకా మెల్లగా తిప్పండి. అసలు పని ఆ తర్వాత. చాలా షెడ్లలో రాగానే జాకీ ఎత్తి టైరు ఊపి "టై రాడ్ ఎండ్లు పోయాయన్నా" అంటారు, అంటే రెండు ముందు చక్రాలను కలిపే రాడ్డు చివరి కీళ్లు. టైరు గాల్లో ఉంటే కీళ్ల మీద బరువు పడదు, సగం ఆట కనిపించదు. బండి నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి, ఒకరు స్టీరింగును కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూసుకుంటూ రావాలి.

మా బావమరిది పైన ఆడిస్తుంటే నేను కింద పడుకుని చూశాను. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే రాడ్డు) కింది క్రాస్ జాయింట్ బాగుంది. బాక్సులోకి వెళ్లే రాడ్డు తిరిగిన వెంటనే డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి బయటికొచ్చే చెయ్యి) కూడా కదులుతోంది, కాబట్టి గొడవ బాక్సు లోపల కాదు. ఆ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే డ్రాగ్ లింక్ దగ్గరికి వచ్చేసరికి దొరికింది. ఆర్మ్ కదులుతోంది, లింక్ మాత్రం ఒక క్షణం ఆగి కదులుతోంది, వేలికి టక్ మని తగులుతోంది, రబ్బరు బూటు చిరిగి లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి. ఇంకా పైకి చూస్తే, బాక్సును చాసిస్‌కు బిగించే ఒక బోల్టు చుట్టూ కుంకుమ లాంటి తుప్పు పొడి. బోల్టు లూజై రాసుకుంటుంటేనే అలా రాలుతుంది. అంతమంది మెకానిక్కులు చూసిన బండిలో ఆ పొడి ఎవరి కంటా పడలేదు!

జాకీ ఎత్తాల్సింది దీని తర్వాత. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందా, ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ను. నా బండిలో ఎడమవైపు బ్రేకు తొక్కినా ఆట పోలేదు. కింగ్ పిన్నులు రెండు వైపులా సెట్టుగా మార్చి, లేత్ షాపులో బుష్షులకు రీమర్ కొట్టించాను, అంటే పిన్ను సరిగ్గా పట్టేలా రంధ్రం సాఫు చేయించాను. ఖర్చు నొప్పి తెలిసింది గానీ ఈ బండికి పెట్టిన వాటిలో బాగా గిట్టుబాటైంది ఇదే. చవక రకం టై రాడ్ ఎండ్లు మాత్రం వద్దు, వానాకాలం పోయేసరికి బూటు పగిలి కూర్చుంటాయి. కొత్తవి వేశాక నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను పెట్టారో లేదో మీ కళ్లతో చూసుకోండి. అలైన్‌మెంట్ అప్పుడు చేయించుకోండి.

ఇంకొకటి, బాక్సు మీది అడ్జస్ట్‌మెంట్ స్క్రూ. దాన్ని బిగిస్తే ప్లే తగ్గినట్టే ఉంటుంది, అందుకే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. ఎక్కువ బిగిస్తే మధ్యలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, ఘాట్‌లో అది ఇంకా ప్రమాదం. కీళ్లన్నీ సరిచేశాకే దాని జోలికి పోవాలి, అదీ పని తెలిసినవాడి చేత.

ఇప్పుడు ఆట వేలెడు వెడల్పు కూడా లేదు, 70లో ఒంటి చేత్తో పోతుందని చెప్పను గానీ భుజాలు నొప్పి పుట్టడం మానింది. గ్రీజు గన్ బండిలోనే ఉంటుంది, కింగ్ పిన్నులకు కొట్టేటప్పుడు యాక్సిల్ ఎత్తి కొడతాను, లేకపోతే బరువు మోసే వైపుకు గ్రీజు చేరదు. బాక్సు కింది సీలు నుంచి కొద్దిగా ఆయిల్ చెమ్మ వస్తోంది, సీజన్ అయ్యాక దాన్ని విప్పించాలి.