డబుల్ బేస్ మీద స్లాప్: హనుమకొండలో ఏడేళ్ల వాడకం తరువాత

2017లో సికింద్రాబాద్‌లో ఒక వాద్యకారుని దగ్గర పాత డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండే, నిలబెట్టి వాయించే మంద్రస్వరాల తీగవాద్యం) ఒకటి కొని, దుప్పట్లు చుట్టి, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి హనుమకొండకు తెచ్చుకున్నాను. అది త్రీ ఫోర్త్ సైజు వాద్యం. ప్లైవుడ్‌తో చేసినది, స్టీలు తీగలు కట్టినది. అంతకు ముందు చాలాకాలం గిటార్‌లా ఉండే ఎలక్ట్రిక్ బేస్ వాయించిన అనుభవం ఉండటంతో, తీగల నుంచే దరువు కూడా పలికించే స్లాప్ పద్ధతి మూడు నెలల్లో చేతికి వస్తుందని లెక్క వేసుకున్నాను. తడబడకుండా ఒక పాట మొత్తం వాయించగలిగేసరికి నాలుగో ఏడు వచ్చింది. అందులో మొదటి రెండేళ్లు కేవలం తీగల ఎంపిక తప్పినందువల్ల పోయాయి కాబట్టి, ఈ సమీక్షలో వాద్యం కంటే తీగల గురించే ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఎలక్ట్రిక్ బేస్‌లో స్లాప్ అంటే అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహం ప్రసిద్ధం చేసిన పద్ధతి: బొటనవేలితో తీగను కొట్టడం, చూపుడు వేలితో ఎగలాగడం. డబుల్ బేస్‌లో బొటనవేలికి దాదాపు పనే లేదు. చూపుడు వేలిని, మధ్య వేలిని కొక్కెంలా వంచి, ఫింగర్‌బోర్డు (తీగల కింద ఉండే పొడవాటి చెక్క పట్టీ) చివరి భాగంలో తీగ కిందికి పోనిచ్చి, బోర్డు నుంచి దూరంగా గుంజి వదిలితే, తీగ తిరిగి చెక్కకు తగిలి స్వరంతో పాటు ‘టక్’ అనే చప్పుడు వస్తుంది. ఆ వెంటనే అరచేయి తీగల మీద పడి ‘చట్’ మంటుంది. గుంజినప్పుడు స్వరం, చరిచినప్పుడు దరువు: ఇంతే విద్య. గట్టిగా గుంజితే గట్టిగా మోగుతుందని నేను మొదట్లో భ్రమపడ్డాను. నిజానికి ‘టక్’ తేటగా రావడం వేళ్లు తీగను ఎంత శుభ్రంగా వదిలాయన్న దాని మీద ఆధారపడుతుంది. బలం మోచేతి నుంచి రావాలి తప్ప వేళ్ల నుంచి కాదు. ఇది తెలియక చూపుడు వేలి పక్కన బొబ్బలు లేచి, పగిలి, చివరికి కాయ కాచింది.

ఈ పద్ధతి డ్రమ్ములు లేని చోట అక్కరకొచ్చినట్లు మరెక్కడా రాదు. 1954 జూలై 5న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తన తొలి సింగిల్‌గా విడుదలైన పాటను రికార్డు చేసినప్పుడు అక్కడ డ్రమ్మర్ లేడు. ఇద్దరు గిటార్లు పట్టుకుంటే, బిల్ బ్లాక్ డబుల్ బేస్ వాయించాడు. తాళం భారమంతా ఆ బేసే మోసింది. కాజీపేటలో మేము పాడే చర్చి కోయిర్‌కు కూడా డ్రమ్ములు లేవు కాబట్టి, నాకు ఈ విద్య మీద మోజు పుట్టడానికి అసలు కారణం అవసరమే. మొదటి క్రిస్మస్‌కు ఫాదర్ గారు ఆ ‘టకటక’ కొంచెం తగ్గించమన్నారు; ఇప్పుడు ఏమీ అనడం లేదు.

లయ విషయంలో నాకు వీడియోల కంటే మా వీధిలోని డప్పు కళాకారుడే ఎక్కువ నేర్పాడు. డప్పులో సిర్ర అనే లావు కర్ర ప్రధానమైన దెబ్బ వేస్తుంది, సిటికెన పుల్ల అనే సన్న పుల్ల సందులు నింపుతుంది. గుంజడాన్ని సిర్రగా, చరచడాన్ని సిటికెన పుల్లగా అనుకోమని ఆయన చెప్పిన రోజున నాకు దారి దొరికింది. తొలి మెట్టులో ఒక స్వరానికి ఒక చరుపు. తరువాతి మెట్టు మనకు తెలిసిన ‘తకిట’యే: ‘త’ దగ్గర గుంజాలి, ‘కి’ దగ్గర అరచేయి పడాలి, ‘ట’ దగ్గర వేళ్లు చరచాలి. తాళం వేగం చెప్పే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి నోటితో పలుకుతూ సాధన చేయడం నాకు కలిసివచ్చింది. 120 దాటిన తరువాత తకిట ఇప్పటికీ చెదురుతుంది. అక్కడ నేను ఒకే చరుపుతో సరిపెట్టుకుంటాను.

ఇక తీగలు. నాలుగు స్టీలు తీగల బిగువు కలిపితే నూరు కిలోలు దాటుతుంది. కమాను పెట్టి వాయించేవారికి, జాజ్‌లో నెమ్మదిగా మీటేవారికి అవి మంచివే కావచ్చు. స్లాప్‌కు మాత్రం వేళ్లను కోసేస్తాయి, చప్పుడు కూడా పలచగా, ఇనుప గొలుసు రాలినట్టు ఉంటుంది. మూడో ఏట గొర్రె పేగుతో చేసిన గట్ తీగలు తెప్పించాను. ఆదివారం జొన్నరొట్టెతో తినే బోటి ఇంత కమ్మగా మోగుతుందని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మెత్తని తీగ, గుండ్రని నాదం, చెక్క మీద చెక్క తగిలినట్టుండే ‘టక్’: పాతకాలపు వాద్యకారుల రికార్డుల్లో వినబడే ధ్వని అదే. అయితే ఓరుగల్లు వాతావరణం ఆ తీగలకు పడదు. మే నెల వడగాడ్పులలో ఒక శ్రుతి, జూలై ముసురులో ఒక శ్రుతి; ఒకే ఆరాధనలో రెండుసార్లు సరిచేసుకున్న రోజులున్నాయి. పైగా పోగులు లేస్తాయి. వాటిని గోళ్ల కత్తెరతో కత్తిరించి, సన్నగా నూనె రాయాలి. చివరికి సన్న తీగలు రెండింటికీ నైలాన్, లావు తీగలు రెండింటికీ చుట్టు వేసిన సింథటిక్ రకం దగ్గర స్థిరపడ్డాను. నాదంలో గట్‌కు సాటి రాకపోయినా, శ్రుతి నిలుస్తుంది, వేళ్లు బతుకుతాయి. బోర్డు నుంచి తీగ ఎత్తు మాత్రం ఫింగర్‌బోర్డు చివర సన్న తీగ దగ్గర 8 మిల్లీమీటర్లు ఉంచాను. ఇంకా దించితే వేళ్లకు పట్టు దొరకదు.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకూడదు. లోపలి సౌండ్ పోస్ట్ అనే కర్రముక్క కేవలం ఒత్తిడి మీద నిలబడి ఉంటుంది, జిగురుతో కాదు. నేను విప్పాను, అది పడింది, దాన్ని తిరిగి నిలబెట్టించడానికి హైదరాబాద్ వెళ్లవలసి వచ్చింది. ప్లైవుడ్ కాబట్టి ఎండలకు పలక పగలలేదు గానీ, ఒక వేసవిలో అంచు అతుకు విడిపోయింది. ఇలాంటి అతుకులకు పశువుల చర్మంతో కాచిన జిగురు వాడతారు. చెక్క చీలకముందే అతుకు విడిపోవాలన్నది అందులోని ఉద్దేశం. నేను ఇచ్చిన మరమ్మతుదారు వడ్రంగం పనికి వాడే తెల్ల జిగురు పట్టించాడు. మరుసటి ఏడు అక్కడే మళ్లీ విడిపోయినప్పుడు చెక్క పొర కూడా ఊడి వచ్చింది.

స్పీకర్‌కు కలిపేవారికి ఒక మాట: బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్క ఆనకు) తగిలించే పికప్, అంటే ధ్వనిని స్పీకర్‌కు పంపే పరికరం, స్వరాన్ని పట్టుకున్నంత బాగా చరుపును పట్టుకోదు. ఫింగర్‌బోర్డు దగ్గర రెండోది పెట్టి, రెండింటినీ వేర్వేరుగా సర్దుకున్నాక మా కోయిర్‌లో వెనుక వరుసకు కూడా దరువు వినబడింది.

ఇంట్లో స్థలం, పొరుగువారి సహనం రెండూ ఉన్నవారికే నేను ఈ వాద్యాన్ని సిఫారసు చేస్తాను. పాతది ప్లైవుడ్‌దే కొని, మిగిలిన డబ్బు తీగలకు దాచుకోవడం మేలు. నా వాద్యం మీది నైలాన్ తీగ ఒకటి ఫింగర్‌బోర్డు చివర అరిగి చదునైంది. ఈ క్రిస్మస్ లోపు దాన్ని ఒక్కదాన్నే విప్పి మార్చాలి.