విడాకుల డిక్రీ నకలు: ఏ దారిన తెచ్చుకోవడం మేలు?

జనన మరణాలకు ఉన్నట్టు మన దేశంలో విడాకులకంటూ ప్రత్యేకమైన రిజిస్టరు లేదు. వివాహాన్ని రద్దు చేసిన కోర్టులో ఉండే దస్త్రమే అసలు ఆధారం. అందువల్ల పాస్‌పోర్టులో మాజీ భర్త పేరు తీయించుకోవాలన్నా, పునర్వివాహాన్ని నమోదు చేయించాలన్నా, వీసా కోసం కాగితాలు సర్దుకోవాలన్నా చివరికి అడిగేది ఆ కోర్టు ఇచ్చిన డిక్రీ, అంటే వివాహం రద్దయిందని చెప్పే పత్రం, సర్టిఫైడ్ కాపీనే (కోర్టు సంతకం, ముద్ర వేసి ఇచ్చే నకలు). అది ఎలా వస్తుందని నలుగురిని అడిగితే ఒకరు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు చూడమంటారు, ఒకరు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టమంటారు, ఒకరు కోర్టులో నకళ్లు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్‌కు వెళ్లమంటారు, మరొకరు అంతా వకీలుకే వదిలేయమంటారు.

వీటిలో సమాచార హక్కు దారిని ముందే పక్కన పెట్టవచ్చు. కోర్టు రికార్డుల నకళ్లు ఇవ్వడానికి హైకోర్టుల నిబంధనలు ఉన్నప్పుడు వాటి ప్రకారమే అడగాలి తప్ప సమాచార హక్కు చట్టం కింద కాదని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న తేల్చి చెప్పింది. ఆ దరఖాస్తు పెట్టి జవాబు కోసం ఎదురుచూడటం కాలహరణమే.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైటుది వేరే సంగతి. అది ఖర్చు లేనిది, ఇంట్లో కూర్చుని చూడగలిగేది. ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారుండే సి.ఎన్.ఆర్. నంబరుతో గానీ, కేసు నంబరు, సంవత్సరంతో గానీ వెతికితే కేసు ఏ కోర్టులో, ఏ తేదీన, ఎలా ముగిసిందో తెలుస్తుంది. అయితే హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఈ విచారణలు ఆంతరంగికంగా జరగాలని, వివరాలు ప్రచురించరాదని చెబుతుంది కాబట్టి, కుటుంబ కేసుల్లో పేర్లు కనబడకపోవడం, ఉత్తర్వు తెరుచుకోకపోవడం మామూలే. ఒకవేళ తెరుచుకున్నా ఆ ప్రింటు సర్టిఫైడ్ కాపీ కాదు. నా దృష్టిలో ఆ సైటు ఉపయోగమల్లా కేసు నంబరు సరిచూసుకోవడానికే. ఆ నంబరు ముందు రాసే కేసు రకం ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట ఎఫ్.సి.ఓ.పి. (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్) కావచ్చు, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్.ఎం.ఓ.పి. (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్) లేదా ఉత్త ఓ.పి. కావచ్చు. సంవత్సరం ఒక్కటి తప్పు రాసినా దస్త్రం దొరకదు.

కాగితం నిజంగా చేతికొచ్చే చోటు కాపీయింగ్ సెక్షనే. అక్కడ కాపీ అప్లికేషన్ వేస్తే, దస్త్రం తెప్పించి, ఎన్ని పేజీలో లెక్కగట్టి, నకలు రుసుము కింద ఇన్ని స్టాంపులు కావాలని నోటీసు బోర్డు మీద పెడతారు. ఆ నోటీసు చూసుకోక గడువు దాటితే దరఖాస్తు కొట్టివేస్తారు, మళ్లీ మొదటికి రావాలి. చేతికొచ్చిన నకలు మీద దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా వేసి సంతకం, కోర్టు ముద్ర ఉంటాయి. నకలు కోసం పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం అప్పీలు గడువులోంచి మినహాయిస్తుంది కనుక ఆ తేదీలు అలంకారానికి వేసినవి కావు. మరో మాట: విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇరుపక్షాలకూ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23(4) చెబుతోంది. ఈ సంగతి తెలియక చాలామంది తీర్పు రోజునే ఇంటిదారి పడతారు.

ఆ దరఖాస్తు స్వయంగా వేయాలా, వకీలు చేత వేయించాలా? ఊళ్లోనే ఉండి, కేసు ఇటీవలిదై, నంబరు చేతిలో ఉంటే స్వయంగా వెళ్లడమే చవక. కానీ డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవారికి, దస్త్రం రికార్డు రూముకు చేరిపోయినవారికి పాత కేసులో వకాలతు ఉన్న వకీలే మేలు, ఎందుకంటే నోటీసు బోర్డును రోజూ చూసేది ఆయన గుమాస్తానే. తెలంగాణలో 2022లో జిల్లా కోర్టులను పునర్వ్యవస్థీకరించారు కాబట్టి పాత దస్త్రం ఇప్పుడు ఏ కోర్టు అధీనంలో ఉందో ముందుగా కనుక్కోవాలి.

ఏ కాపీ అడగాలన్నది కూడా ఆలోచించాలి. డిక్రీలో పేర్లు, తేదీ, వివాహం రద్దయిందన్న మాట ఉంటాయి. ఉత్తర్వులో, అంటే జడ్జి కారణాలతో రాసిన తీర్పులో, ఇంటి గొడవలన్నీ సవివరంగా ఉంటాయి. రెండింటికీ దరఖాస్తు పెట్టి దగ్గర ఉంచుకోవడం మంచిదే గానీ, అడిగిన ఆఫీసుకు డిక్రీ సరిపోతుందంటే ఉత్తర్వు చూపనక్కర్లేదు.

ఇక ఇతరుల విడాకుల సంగతి. రెండో సంబంధం వచ్చినప్పుడు అవతలివారి విడాకులు నిజమో కాదో తెలుసుకోవాలనుకోవడం న్యాయమే. కేసులో లేని వ్యక్తి కాపీ కోరితే, ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పి జడ్జి అనుమతి పొందాలి, కుటుంబ కేసుల్లో అది దొరుకుతుందన్న భరోసా లేదు. అంతకన్నా వారినే సర్టిఫైడ్ కాపీ చూపమని అడిగి, నంబరును ఈ-కోర్ట్స్‌లో సరిచూసుకోవడం సులభం, మర్యాద కూడా. అది ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం కోర్టుకు రాకుండానే ఇచ్చినది) అయితే దాన్ని రద్దు చేయమని అవతలి పక్షం అర్జీ వేసిందా, అప్పీలు ఏదైనా పెండింగులో ఉందా అని తప్పక అడగాలి. చూపిన కాగితం కులపెద్దల ముందు స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందమైతే దానికి ఏ కోర్టులోనూ దస్త్రం ఉండదు. అలాంటి ఆచారాన్ని హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ కాపాడుతున్నా, ఆచారం ఉందని రుజువు చేసే భారం దాన్ని చూపినవారిదే.