కాలేజీ మూడుల్, పిల్లల సొంత సరంజామా: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఇంజనీరింగ్ కాలేజీలో మూడుల్ (పాఠాలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించింది కోవిడ్‌కు కాస్త ముందు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందనే ఆ హడావుడి అని స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. తీరా లాక్‌డౌన్ వచ్చాక అదే దిక్కయింది. అప్పట్నుంచి ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ పేపరు దానిమీదే నడుపుతున్నాను. పిల్లలు నిజంగా చదువుకునేది మాత్రం వేరేచోట: ఫోన్లో క్లాసు గ్రూపు, డ్రైవ్‌లో సీనియర్ల నోట్సు, యూట్యూబ్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీ అధ్యాపకుల వీడియో) పాఠాలు, ఒకరిద్దరికి ఆంకీ యాప్‌లో ప్రశ్న-జవాబు కార్డులు. వాళ్ల సొంత సరంజామా ఇదే.

మూడుల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది క్విజ్. అందులో 'కాలిక్యులేటెడ్' అని ఒక రకం ప్రశ్న ఉంది. సర్క్యూట్లలో వచ్చే థెవెనిన్ సిద్ధాంతం లెక్క రాసి, వోల్టేజీ, రెసిస్టెన్సుల చోట అక్షరాలు పెట్టి, జవాబుకు సూత్రం ఇస్తే ఒక్కొక్కరికీ వేర్వేరు అంకెలతో లెక్క వస్తుంది. జవాబు ఎంత తేడాలో ఉంటే ఒప్పుకోవాలో కూడా మనమే చెప్పొచ్చు. పక్కవాడి జవాబు ఎక్కిస్తే సున్నా, పద్ధతి అడిగి నేర్చుకుంటే మార్కులు. తయారుచేయడం చాకిరీయే, మొదట్లో ఒక్కో ప్రశ్నకు ఒక సాయంత్రం పోయేది. కానీ ఒకసారి క్వశ్చన్ బ్యాంకులో పడితే ఏటా పనికొస్తుంది. నేను రేపు ఇంకో కాలేజీకి మారినా, కోర్సు మొత్తాన్ని బ్యాకప్ ఫైలుగా తీసుకుని అక్కడి మూడుల్‌లో దించుకోవచ్చు. 2002లో పెర్త్‌లో మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన నాటినుంచీ అది ఓపెన్ సోర్సే కాబట్టి ఎవరి తాళమూ అడ్డురాదు.

ఆ వెసులుబాటు నాకుంది, విద్యార్థికి లేదు. అసలు చిక్కు ఇదే. సెమిస్టర్ అయిపోగానే మా దగ్గర కోర్సును విద్యార్థులకు కనబడకుండా చేసేస్తారు. పాసై వెళ్లిపోతే కాలేజీ మెయిలు, దాంతోపాటు డ్రైవూ పోతాయి. గేట్‌కు చదువుతున్న పాత విద్యార్థి ఒకడు, తన అసైన్‌మెంట్ల మీద నేను రాసిన వ్యాఖ్యలు కావాలని వచ్చాడు. రాసింది వాడు, దిద్దింది నేను, చూడాలంటే అడ్మిన్ దయ! విద్యార్థి తన డేటా తాను అడిగి తీసుకునే ఏర్పాటు మూడుల్‌లో 2018 నుంచీ ఉంది, యూరప్ గోప్యతా చట్టం పుణ్యమా అని. మా కాలేజీలో దాన్ని తెరవలేదు.

ఫోరం సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మామూలు సెట్టింగుల్లో విద్యార్థి తన పోస్టును అరగంట దాటాక దిద్దుకోలేడు. పైగా "మార్కులేసేవాళ్లు చూస్తారు కదా సార్" అన్న జంకు. అవే డౌట్లు రాత్రి పదకొండుకు గ్రూపులో ధారాళంగా వస్తాయి. ఆ గ్రూపులో నేను లేను, ఉండకూడదు కూడా. మరీ తెగని లెక్కైతే సీఆర్ (క్లాసు ప్రతినిధి) స్క్రీన్‌షాట్ పంపుతాడు.

అలాగని సొంత సరంజామాను నెత్తికెత్తుకోను. పాత ఆర్20 సిలబస్ నోట్సు కొత్త ఆర్23 సిలబస్ పిల్లల చేతుల్లో తిరుగుతుంది, తప్పుల 'కీ' పేపర్లు ఏళ్లతరబడి ఫార్వర్డ్ అవుతుంటాయి. 2008లో కెనడాలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే అధ్యాపకులు అందరికీ తెరిచి నడిపిన ఆన్‌లైన్ కోర్సులో ఎవరి బ్లాగులో వాళ్లు రాస్తే, అవన్నీ ఒకచోట చేర్చి రోజూ పంపేవారు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. మా సెకండియర్‌లో అది నడవదు. ఆంకీలో కార్డులు కట్టుకునేవాడు, జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లో పరిశోధన పేపర్లు సర్దుకునేవాడు ఎటూ బాగా చదివేవాడే. వెనకబడ్డవాడికి గడువు తేదీ, ఆదివారం రాత్రి మూసుకునే క్విజ్ కావాలి. వాణ్ణి స్వేచ్ఛ పేరుతో వదిలేయడం నాకు న్యాయంగా అనిపించదు.

కానీ ఆంకీ కార్డులు కట్టుకున్నవాడి ఫోన్లోనే ఉంటాయి, ఆండ్రాయిడ్‌లో ఆంకీ ఉచితం. జొటేరోలో ఉచిత ఆన్‌లైన్ స్థలం 300 ఎంబీయే అయినా ఫైళ్లు మన కంప్యూటర్లోనే ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత తేడా అక్కడే తెలుస్తుంది.

క్విజ్‌కు అయిదుకు నాలుగున్నర, ఫోరంకు ఒకటి. మొత్తంగా మా కాలేజీ మూడుల్‌కు మూడు. ఇప్పుడు అసైన్‌మెంట్ పీడీఎఫ్ మీదే వ్యాఖ్యలు రాసి తిరిగిస్తున్నాను, ఆఖరి వారం క్లాసులో అందరిచేతా వాటిని డౌన్‌లోడ్ చేయిస్తున్నాను. ఆ డేటా ఏర్పాటు తెరవమని అకడమిక్ కౌన్సిల్‌కు లెటర్ పెట్టాను, వచ్చే సమావేశం అజెండాలో చేర్చారట.