తురీన్‌లో ఇటాలియన్ మొదటి మెట్టు క్లాసు

ఇటలీలోని తురీన్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలకి గట్టిగా చెబుతున్నాను, మా పేట లైబ్రరీలో జరిగే ఈ సాయంత్రం క్లాసులో చేరండి. టీచరుగారు సూత్రాలు బట్టీ పట్టించరు. ఇంగ్లీషు 'ద' లాంటి మాట ఇటాలియన్‌లో 'లిబ్రో' (పుస్తకం) ముందు 'ఇల్' అని వస్తే 'స్తుదెంతె' (విద్యార్థి) ముందు 'లో' ఎందుకని అడిగాను. 'ఇల్ స్తుదెంతె', 'లో స్తుదెంతె' రెండూ మాచేత పైకి పలికించారు. ఏది సాఫీగా వస్తుందో నోటికే తెలిసిపోయింది. మాట మొదట్లో 'ఎస్' తర్వాత హల్లున్నా, మాట 'జెడ్'తో మొదలైనా పుంలింగ ఏకవచనానికి 'లో'నే.

అన్నిటికన్నా నచ్చింది 'మి ప్యాచె' పాఠం. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు తికమకపడ్డారు గానీ మనకది నల్లేరు మీద నడక. నాకు కాఫీ నచ్చుతుంది, 'మి ప్యాచె ఇల్ కఫ్ఫె'. నాకు పుస్తకాలు నచ్చుతాయి, 'మి ప్యాచొనొ ఇ లిబ్రి'. నచ్చిన వస్తువుని బట్టే క్రియ మారుతుంది, అచ్చం మనలాగే!

భూతకాలం మాత్రం హడావిడిగా ముగించారు. 'తిన్నాను'కి 'ఓ మంజాతో', 'వెళ్లాను'కి 'సొనొ అందాతా'. సహాయక క్రియ 'ఓ' నుంచి 'సొనొ'కి ఎందుకు మారిందో, ఆడవాళ్లు 'అందాతా' అంటే మగవాళ్లు 'అందాతో' ఎందుకనాలో ఇంకో వారం చెప్పాల్సింది. జనం ఎక్కువ, కాస్త ముందు వెళ్లి మొదటి వరసలో కూర్చోండి.