ష్రేడ్ ఓల్డ్ టైమర్ 8ఓటీ: ఏళ్ల తరబడి వాడాక తేలిన మంచీ చెడూ

పాత అమెరికన్ జేబు చాకుల్లో మొదట ఏది కొనాలని ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒకటే: న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్ ఫ్యాక్టరీలో తయారైన ష్రేడ్ ఓల్డ్ టైమర్ 8ఓటీ. ఇది అరుదైన చాకు కాదు, నేను దీన్ని సూచించేది కూడా అందుకే. విరివిగా దొరుకుతుంది కాబట్టి గుండె బరువెక్కకుండా రోజూ వాడొచ్చు. సాన పట్టడం, కీళ్లు శుభ్రం చేయడం, బ్లేడు మీది తయారీ ముద్ర చదవడం అన్నీ దీని మీదే నేర్చుకోవచ్చు. ఆ చేయి కుదిరాక ఎముక పిడి ఉన్న ఖరీదైన వాటి జోలికి వెళితే నష్టం తక్కువ.

దీని తరహా పేరు స్టాక్‌మన్, అంటే పశువుల కాపరుల చాకు. మడిచినప్పుడు దాదాపు 4 అంగుళాల పొడవు, లోపల మూడు బ్లేడ్లు. పొడవైన మొన ఉన్నది క్లిప్. తిన్నటి అంచు, కిందికి వంగిన వెన్ను ఉన్నది షీప్స్‌ఫుట్. మొండి మొన ఉన్నది స్పే. ఈ మూడోది దూడలకు విత్తులు తీయడానికి పుట్టింది. పశువు కదిలినా గుచ్చుకోకూడదని మొన మొండిగా ఉంచారు. పిడి గోధుమరంగు డెల్రిన్, అంటే గట్టి ప్లాస్టిక్, దాని మీద రంపపు గీతలు. లోపలి రేకులు ఇత్తడివి, రెండు చివర్ల లోహపు తొడుగులు, అంటే బోల్‌స్టర్లు, జర్మన్ సిల్వర్‌వి (పేరులో తప్ప వెండి లేని మిశ్రమ లోహం). జేబులో బరువు తెలుస్తుంది. పల్చటి ప్యాంటు వేసుకునేవాళ్లకి ఇదే వరసలోని 34ఓటీ మేలు. అది సుమారు మూడుంపావు అంగుళాలు, బ్లేడ్లు అవే మూడు.

ఈ చాకు ప్రాణమంతా 1095 కార్బన్ స్టీలులో ఉంది. దాదాపు 0.95 శాతం కార్బన్, క్రోమియం లేదు కాబట్టి తుప్పు నుంచి రక్షణ కూడా లేదు. దానికి బదులు పదును త్వరగా ఎక్కుతుంది, సన్నటి అంచు నిలుస్తుంది. పచ్చి మామిడికాయో నిమ్మకాయో కోస్తే నిమిషాల్లో బ్లేడు నల్లబడుతుంది, మొదటి కొన్నిసార్లు ముక్కకి ఇనుము రుచి కూడా వస్తుంది. కంగారు పడొద్దు. కోసిన వెంటనే తుడిచి, కడిగి, ఆరబెడితే చాలు. కొన్ని నెలల్లో బూడిద, నీలం కలిసిన స్థిరమైన పొర ఏర్పడుతుంది. ఆ పొర ఎర్ర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది. తెలియనివాళ్లు దాన్ని మురికి అనుకుని పాలిష్ చక్రం మీద పెడతారు. పాత చాకుకి అంతకు మించిన హాని లేదు. ముద్ర అక్షరాలు అరిగిపోతాయి, బ్లేడు గీతల మూలలు గుండ్రబడతాయి, పోయిన లోహం తిరిగి రాదు.

మూడు బ్లేడ్లకూ పని పంచితేనే చాకు ఎక్కువ కాలం వస్తుంది. పండ్లకీ తొక్క తీయడానికీ క్లిప్. అట్టపెట్టెలు, తాళ్లు, బద్ద పక్కన పెట్టి తిన్నగా కోయాల్సిన పనులు షీప్స్‌ఫుట్‌కి. అట్ట పదునును తినేస్తుంది కాబట్టి ఆ పని ఒక్క బ్లేడుకే పరిమితం చేయడం మంచిది. స్పేని అసలు వాడకుండా పదునుగా దాచుకుంటే, మిగతా రెండూ మొద్దుబారిన రోజున అదే ఆదుకుంటుంది.

సాన పట్టడానికి 400, 1000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ నునుపు) రాళ్లు రెండు, ఒక తోలు పట్టీ సరిపోతాయి. ఒక్కో వైపు 17 నుంచి 20 డిగ్రీల కోణం నాకు నచ్చింది. కోణం కంటికి అందకపోతే ఒక లెక్క ఉంది. సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పున్న బ్లేడుకి, వెన్ను కింద రెండు అమెరికన్ క్వార్టర్ నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు, అంటే 3.5 మిల్లీమీటర్లు లేపితే 17 డిగ్రీలు వస్తుంది. కోణం చూసుకున్నాక నాణేలు తీసేసి నూరాలి. ఒక వైపు నూరుతూ, అవతలి వైపు అంచు పొడవునా గోరుకి సన్నటి గరుకు తగిలేదాకా ఆపకూడదు. తర్వాత రెండో వైపు అదే పని. గరుకు రాకముందే రాయి మార్చడం వల్లే చాలామందికి పదును కుదరదు. చివర తోలు మీద వైపుకి పది పదిహేను సార్లు, వెన్ను ముందుకి వచ్చేలా లాగాలి. కరెంటు సాన చక్రం వద్దు. వేడికి అంచు రంగు మారిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే.

ఇక ఇబ్బందులు. మూడు బ్లేడ్లు ఇరుకు సందులో ఇమడాలి కాబట్టి వాటిని మొదలు దగ్గర కొద్దిగా పక్కకి వంచి పెడతారు. అయినా ఒకటి ఇంకొకదాన్ని రాసుకుంటుంది, బ్లేడు చెంప మీద పొడవాటి గీత పడుతుంది. ఇది ఈ తరహాకి పుట్టుకతో వచ్చిన గుణం. గీత కోసం చాకు ధర తగ్గించమని బేరం ఆడొచ్చు గానీ, బ్లేడుని వంచి సరిచేయబోతే గట్టిపడిన ఉక్కు విరిగిపోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. బ్లేడు మొదట్లో, అంచు మొదలయ్యే చోట కిందికి చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిక్ అంటారు. మడిచినప్పుడు అది పిడి వెన్నులోని స్ప్రింగు మీద ఆనుకుని అంచును గాల్లో నిలబెడుతుంది. కిక్ అరిగినా, ఎవరైనా ఆకురాయితో అరగదీసినా, మడిచిన ప్రతిసారీ అంచు స్ప్రింగుకి కొట్టుకుంటుంది. ఎంత నూరినా అంచు మధ్యలో ఒకే చోట మొద్దుబారుతుంటే కారణం ఇదే. బ్లేడు దిగే సందు అడుగున సన్నటి తోలు ముక్క ఒకటి పెడితే సమస్య తీరుతుంది. దీనికి వ్యతిరేకంగా, మడిచినా మొన రేకుల పైకి పొడుచుకొచ్చి జేబు చింపుతుంటే, కిక్‌ని సన్నటి డైమండ్ ఆకురాయితో రెండు మూడు సార్లు మాత్రమే రుద్ది, మడిచి చూడాలి. ఒక్క రుద్దు ఎక్కువైనా అంచు స్ప్రింగుకి తగిలే సమస్య మొదలవుతుంది. కొత్త చాకుగా అమ్మదలచుకున్నదాని మీద ఈ పని చేయకూడదు.

కొనేటప్పుడు నా చూపు మొదట పోయేది షీప్స్‌ఫుట్ మీదికి. దాని అంచు తిన్నగా ఉండాలి. మధ్యలో లోపలికి వంగి ఉంటే చాకు చక్రం మీద ఎక్కువసార్లు నూరబడిందని అర్థం. తర్వాత క్లిప్ మొన, అది కురచబడి గుండ్రంగా ఉంటే విరిగి మళ్లీ చెక్కినది. ఆ తర్వాత బోల్‌స్టర్ మీద పిన్ను జాడ. కొత్త చాకులో పిన్ను లోహంలో కలిసిపోయి కనపడదు. చుట్టూ మెరిసే వలయం, సుత్తి దెబ్బల నొక్కులు ఉంటే బ్లేడు మార్చారనో, వదులైన కీలు బిగించారనో అనుమానించాలి. వెలుగుకి ఎదురుగా పట్టుకుని స్ప్రింగుకీ రేకుకీ మధ్య సందు చూడాలి. సన్నటి వెలుగు గీత పనివాడి చాకులో పర్వాలేదు, గోరు దూరితే మాత్రం వదిలేయడమే. పిడి మీది షీల్డు, అంటే చిన్న లోహపు బిళ్ల, కదులుతోందేమో వేలితో నొక్కి చూడాలి, జిగురుతో అంటించినవి ఊడుతుంటాయి.

చివర ముద్ర. ష్రేడ్ 1904లో న్యూయార్క్‌లోని వాల్డెన్ ఊళ్లో పుట్టింది. ముద్రలో వాల్డెన్ పేరు ఉంటే ఆ చాకు స్థూలంగా 1973కి ముందుది. ఆ పేరు లేకుండా యూఎస్ఏ అని ఉంటే ఆ తర్వాతది. ష్రేడ్ పక్కన కూడిక గుర్తు ఉంటే స్టెయిన్‌లెస్, అది వేరే లోహం, వేరే స్వభావం. 2004లో ఎలెన్‌విల్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఇదే పేరుతో, ఇదే రూపంతో చైనాలో తయారైన స్టెయిన్‌లెస్ చాకులు వచ్చాయి. అవి పనికిరానివి కావు, కానీ ఈ సమీక్ష వాటి గురించి కాదు. ఫొటోలో ముద్ర కనపడకపోతే అడిగి తెప్పించుకుని చూశాకే డబ్బు కట్టాలి.

చేతికొచ్చిన పాత చాకుని శుభ్రం చేసే క్రమం ఇది. మూడు బ్లేడ్లూ ఒకేసారి తెరవకుండా ఒక్కొక్కటిగా తెరవాలి. కీలు బిగుసుకుపోతే కటింగ్ ప్లయర్‌తో లాగొద్దు, గోరు గాడి దగ్గర బ్లేడు చిట్లుతుంది. కీలు మీద మినరల్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు తెరుచుకుంటుంది. సందుల్లో గట్టిపడిన జేబు నూగుని పంటిపుల్లతో తీసి, గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. డెల్రిన్ కాబట్టి నీళ్లు పర్లేదు, ఎముక పిడిని మాత్రం నానబెట్టకూడదు, పగులుతుంది. హెయిర్ డ్రయర్‌తో కీళ్లలోని తడి పూర్తిగా పోగొట్టి, ఒక్కో కీలుకీ ఒక చుక్క నూనె వేసి, ఇరవై ముప్పై సార్లు తెరిచి మూస్తే నల్లటి మడ్డి బయటికి వస్తుంది. తుడిచి, మళ్లీ వేసి, నూనె తేటగా వచ్చేదాకా అదే పని. స్ప్రింగు బలం పోయిందని జనం పక్కన పడేసే చాకుల్లో చాలావాటికి కావలసింది ఈ కడుగుడే. ఎర్ర తుప్పు మీద నూనె వేసి 0000 నంబరు స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దాలి. నల్లటి గుంటల్ని అలాగే వదిలేయాలి. వంటనూనెలు కీళ్లలో వేస్తే కొన్నాళ్లకి జిగురు కడతాయి. కుట్టు మిషను నూనె కీళ్లకి బాగుంటుంది గానీ పండ్లు కోసే బ్లేడుకి పూయకండి.

దాచే పద్ధతి తెలియక పాడయ్యే చాకులు వాడి పాడయ్యేవాటికన్నా ఎక్కువ. తోలు ఒరలో పెట్టి బీరువాలో వదిలేస్తే, తోలు శుద్ధికి వాడిన ఆమ్లాలూ లవణాలూ తేమను పట్టుకుని బ్లేడుని తింటాయి, ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. ఒర పక్కన, చాకు వేరేగా ఉండాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడులు. 1920, 30ల నాటి తాబేటి చిప్ప రంగు, ముత్యపు రంగు పిడులు చాలావరకు అవే. ఆ పదార్థం కాలక్రమంలో విడిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి దాని బ్లేడు మాత్రమే కాదు, అదే డబ్బాలో ఉన్న పక్క చాకులూ తుప్పుపడతాయి. పిడికి ఎదురుగా ఉన్న చోటే తుప్పు మొదలైతే ఆ చాకుని వెంటనే వేరే గదిలో గాలాడేలా పెట్టాలి. నిప్పుకి దూరంగా కూడా, అది భగ్గుమనే పదార్థం. 8ఓటీ డెల్రిన్‌కి ఈ జబ్బు లేదు. అమెరికా నుంచి వచ్చేటప్పుడు చాకులు చెక్ఇన్ సామాన్లోనే రావాలి, చేతి సంచిలో కుదరదు. విశాఖ, కాకినాడ గాలిలో కార్బన్ స్టీలు వారంలో మచ్చ పడుతుంది. పల్చటి నూనె పొర, మూత బిగుతైన డబ్బా, రంగు మారే సిలికా జెల్ సంచీ, నెలకోసారి పరిశీలన ఉంటే నిలుస్తుంది.

పోటీ చాకులతో పోలిస్తే, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫోర్డ్‌లో తయారయ్యే కేస్ 6347 చూడ్డానికి ఎక్కువ అందం. ఆ అంకెలకి అర్థముంది: 6 అంటే గీతలు చెక్కిన ఎముక తరహా పిడి, 3 అంటే మూడు బ్లేడ్లు, 47 నమూనా. తేదీ చదవడం కూడా కేస్‌లోనే సులువు. 1940 నుంచి 64 వరకు ఎక్స్ఎక్స్, 65 నుంచి 69 వరకు దాని కింద యూఎస్ఏ, 1970లో పది చుక్కలు, ఆ తర్వాత ఏడాదికి ఒక చుక్క చొప్పున తగ్గుతూ 1979కి ఒకటి. ఆ విలువ కోసమే కేస్‌లో దొంగ ముద్రలు ఎక్కువ. ముద్ర ఉన్న చోట లోహం మిగతా బ్లేడ్ల కన్నా పల్చగా ఉంటే పాత ముద్ర చెరిపారని గుర్తు. బక్ 301 కొంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: తొలి కాలపు 300 వరస చాకుల్ని బక్ కోసం ముందు ష్రేడ్, తర్వాత కమిలస్ అనే మరో చాకుల కంపెనీ తయారుచేశాయి. సియర్స్ దుకాణాల క్రాఫ్ట్స్‌మన్ చాకులూ ఇలాంటి ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి. పేరుకి డబ్బు పెట్టనక్కర్లేదనుకునేవాళ్లకి అవి మంచి బేరం.

తోటి సేకర్తలకి చూపించేటప్పుడు మడిచి, అరచేతిలో పెట్టి ఇవ్వాలి. తీసుకున్నవాళ్లు తెరవొచ్చా అని అడగాలి. బ్లేడుని వదిలేసి టప్పుమని మూయనివ్వడం పెద్ద అమర్యాద, అంచు స్ప్రింగుకి తగిలేది అప్పుడే. నిదానంగా తెరుస్తూ నడకనీ, చివర వచ్చే చప్పుడునీ వినాలి. అమెరికన్ సేకర్తలు దాన్నే వాక్ అండ్ టాక్ అంటారు. తిరిగి ఇచ్చే ముందు వేలిముద్రలు తుడవాలి, ఒక్క రాత్రిలో వేలిముద్ర ఆకారంలోనే తుప్పు వస్తుంది. ఫొటోలైతే నీడపట్టున పగటి వెలుతురులో తీయాలి: రెండు వైపులా పిడి, ముద్ర దగ్గరగా, మడిచి పైనుంచి బ్లేడ్లు, వెన్నువైపు నుంచి స్ప్రింగులు, పక్కన స్కేలు. స్థితి చెప్పేటప్పుడు మింట్ అంటే ఒక్కసారి కూడా నూరనిది, జేబులో వేయనిది. బ్లేడు పదోవంతు అరిగితే ఎక్సలెంట్, పావు వంతు అరిగితే వెరీ గుడ్. ఒక్కసారి నూరినదాన్ని మింట్ అని రాయడం అబద్ధమే.

బహుమతిగా ఇచ్చినప్పుడు, చాకు స్నేహాన్ని కోయకూడదని, పుచ్చుకున్నవాళ్లు ఒక నాణెం తిరిగివ్వడం అమెరికాలో ఆనవాయితీ. మన ఇళ్లలో ఉప్పు, కారం చేతికివ్వకుండా కింద పెట్టినట్టే. నాణెం లేనివాళ్ల కోసం ఇచ్చేవాళ్లే ఒక సెంటు డబ్బాలో పెట్టి ఇస్తారు. ఆ సెంటుని బ్లేడుకి తగలకుండా వేరే కాగితంలో చుట్టి పెట్టండి.